ఏడో నంబరు బ్యాటరీ

మార్చి మొదటి వారం, ఉదయం పదకొండుంపావుకి బస్తర్ అడవిలోని మా బలగం క్యాంపు గేటుకు చేరాను. భద్రాచలం నుంచి కుంట పట్టణం దాకా బస్సు. అక్కడ రెండు రోజులు ఆగాం, రోడ్డు తనిఖీ పూర్తయ్యేదాకా. మరైగూడ వరకు కాన్వాయ్. ఆ తర్వాత తొమ్మిది కిలోమీటర్లు నడక. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను, రైఫిలు, రెండు లీటర్ల నీళ్లు. దారి పొడవునా ఇప్పపువ్వు రాలి ఉంది. ఏరుకుంటున్న ఆడవాళ్లు తలెత్తి మమ్మల్ని చూడలేదు.

చెట్లు కొట్టేసిన ఒక దిబ్బ మీద క్యాంపు. చుట్టూ రెండు వరసల ముళ్లకంచె, కాపలాకి ఆరు ఇసుకబస్తాల మోర్చాలు, రేకుల షెడ్లు, ఒక టవరు. తొంభై మందిమి. అక్కడ జీపు నడవదు. బరువైన బండ్ల కోసం నక్సలైట్లు దారిలో మందుపాతరలు పెడతారు. అందుకని గస్తీ మోటార్‌సైకిళ్ల మీద. బండికి ఇద్దరు, బండికీ బండికీ మధ్య యాభై మీటర్లు. మొత్తం పదకొండు బండ్లు. బలగంలో చేరకముందు మూడేళ్లు శ్రీకాకుళంలో ఒక మెకానిక్ షెడ్డులో పనిచేశాను కాబట్టి కంపెనీ కమాండర్ వాటిని నాకు అప్పగించారు. ఇంకో పని దానంతటదే వచ్చిపడింది. ఆ తొంభై మందిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఊరివాళ్లతో మాట్లాడాలంటే నన్ను పిలిచేవాళ్లు.

ఇప్పుడు మా ఊళ్లో జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసేటప్పుడు నన్ను ముందు వరసలో కూర్చోబెడతారు. బస్తర్‌లో బాంబు సామాను పట్టించిన జవాను అని మైకులో చెబుతారు. ఆ మాట సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

మేలో అక్కడి ఎండకు ముందు చచ్చేవి బ్యాటరీలే. మావి మూతలు తీసి నీళ్లు పోసే రకం. వారానికోసారి చూడకపోతే లోపల పలకలు ఎండి తెల్లగా తేలేవి. బ్యాటరీ పోతే ఆ బండ్లు కిక్ కొట్టినా లేవవు. మే పద్దెనిమిదిన ఒక వాగు మధ్యలో ఏడో బండి ఆగిపోయింది. అప్పుడు నేను రేడియో ఆపరేటర్ పక్కనే ఉన్నాను.

"బేస్, ఏడు లేవట్లేదు. తోస్తున్నాం."

"తోయొద్దు. బండి వదిలేసి ఒడ్డెక్కి పొజిషన్ తీసుకోండి. మెకానిక్‌ను పంపుతున్నా."

నేను వేరే బ్యాటరీ పట్టుకుని వెళ్లేసరికి యాభై నిమిషాలైంది. ఎనిమిది మంది ఆ యాభై నిమిషాలూ ఎండలో ఇసుక మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఏమీ జరగలేదు. కానీ ఆ సాయంత్రమే కమాండర్ ఆర్డరు వేశారు. ఒక్కసారి మొరాయించిన బ్యాటరీ మళ్లీ గస్తీకి వెళ్లకూడదు.

చచ్చిన బ్యాటరీకి కూడా ఒక పద్ధతి ఉండేది. దాన్ని క్యాంపు దాటించకూడదు. అడవిలో ఎవరి చేతికి చిక్కినా మందుపాతర పేల్చడానికి పనికొస్తుంది. సుత్తితో పగలగొట్టి, సున్నం గుంటలో పూడ్చాలి. రిజిస్టర్‌లో నేనూ స్టోర్ హవల్దారూ ఇద్దరం సంతకం చేయాలి. ప్రతి బ్యాటరీకీ పక్కన కాల్చిన తీగతో నంబరు వేసి ఉండేది.

ఏడో నంబరు వంతు వచ్చిన రోజు వాన పడుతోంది. స్టోర్ హవల్దారు గుంట దాకా రాలేదు. షెడ్డులోనే సంతకం చేసి, పగలగొట్టేయి అన్నాడు. నేనూ సంతకం చేశాను. పగలగొట్టలేదు. తొలకరి నీళ్లు స్టీలు గిన్నెలో పట్టి, గుడ్డతో వడకట్టి, ఆరు గదుల్లోనూ పోశాను. సోలార్ పలకకు కలిపి సన్నగా నాలుగు రోజులు ఎక్కించాను. ఐదో రోజు హెడ్‌లైటు బల్బు తగిలించి చూశాను. నలభై నిమిషాలు తగ్గకుండా వెలిగింది.

బతికిన బ్యాటరీని సుత్తితో కొట్టడానికి చెయ్యి రాలేదు. గస్తీకి ఇవ్వడానికి ఆర్డరు ఒప్పుకోదు. నా మంచం కింద పెట్టుకున్నాను.

జూన్ చివర్లో, సంత రోజు, గేటు డ్యూటీలో ఉన్నాను. ఉదయం ఎనిమిదిన్నర. ఒకతను బండి తోసుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. మోకాళ్ల దాకా బురద. బండికి ఏమైందని హిందీలో అడిగితే, నాకు కాదన్నట్టు తెలుగులో గొణుక్కున్నాడు. నేను తెలుగులోకి మారాను.

"ఎంత దూరం నుంచి తోస్తున్నావు?"

అతను ఆగిపోయాడు. "తెలుగోనివా సారూ! మూడు కిలోమీటర్ల సంది నూకుతున్న. బ్యాటరీ సచ్చింది. నీది ఏ ఊరు?"

శ్రీకాకుళం అన్నాను.

"అబ్బో. సముద్రం ఇడిచిపెట్టి మా బురదల పడ్డవా."

పేరు ముత్యం. తాతల కాలంలో గోదావరి దాటి వచ్చిన రైతు కుటుంబం. మాకు మూడు కిలోమీటర్ల దూరంలో, రోడ్డు మలుపు దగ్గర ఇల్లు. ఇంట్లో తెలుగు, పొరుగువాళ్లతో వాళ్ల దోర్లీ భాష. హిందీ సంతలో బేరానికి సరిపడా. వాడలో ఆ చివర బండి ఉన్నది అతనొక్కడికే. జ్వరమొచ్చినా, పాము కరిచినా, కాన్పైనా జనం అతని వాకిట్లోకే వచ్చేవాళ్లు. వదినకు నెలలు నిండాయనీ, వానలో ఈ బండి లేవకపోతే మంచం మీద మోసుకుపోవాలనీ చెప్పాడు. నన్ను ఏమీ అడగలేదు. సంతలో ఎవరైనా చార్జింగ్ పెడతారేమో కనుక్కుంటానన్నాడు.

వచ్చేప్పుడు గేటు దగ్గర ఆగమన్నాను.

మంచం కింద నుంచి బ్యాటరీ తీశాను. ఏడో నంబరు కనిపిస్తోంది. హాక్సా బ్లేడుతో ఐదు నిమిషాలు గీకి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. నంబరుంటే అతన్ని దొంగ అంటారని, అతని మేలు కోసమే చెరిపానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. రిజిస్టర్‌లో నా సంతకం ఉంది. నా కోసమే చెరిపాను.

మధ్యాహ్నం రెండున్నరకు తిరిగొచ్చాడు. నేనే బిగించాను. అతని బండి వైర్ల చివర్లు తుప్పు తిని ఉన్నాయి. ఎరుపొకటి, నలుపొకటి, మూరెడు చొప్పున కొత్త వైరు కోసి ఇచ్చాను, అవి తెగితే మార్చుకోమని. బండి నడపని రోజుల్లో బ్యాటరీ విప్పి, పాలిథిన్ కవర్లో చుట్టి, ఇంట్లో తడి తగలని చోట పైన పెట్టుకోమన్నాను. మా మెకానిక్ షెడ్డులో అందరికీ చెప్పే మాటే అది. అతను రెండుసార్లు అడిగి మరీ గుర్తుపెట్టుకున్నాడు.

మొదటి కిక్‌కే లేచింది. ముత్యం సీటు మీద చెయ్యేసి నిమిరి, "దీనికి పానం పోసినవు సారూ" అన్నాడు.

వదినకు కూతురు పుట్టిందని తర్వాతి సంత రోజు చెప్పాడు. ఆసుపత్రికి తానే తీసుకెళ్లాడట. నాకు రెండు దోసకాయలు ఇచ్చి వెళ్లాడు. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

జూలై పదకొండున మా క్యాంపుకు అటువైపు దారిలో ఒక పేలుడు జరిగింది. మావాళ్లెవరికీ దెబ్బ తగల్లేదు. గుంటలో తీగ ముక్కలు దొరికాయి. మర్నాడు ఉదయం ఆరూ పదికి తనిఖీ బృందాలు చుట్టుపక్కల వాడల్లోకి వెళ్లాయి. నేను క్యాంపులోనే ఉన్నాను. తొమ్మిదిన్నరకు ముత్యాన్ని తీసుకొచ్చారు. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. కమాండర్ బల్ల మీద వస్తువులు పెట్టారు.

అటక మీద వడ్ల గుమ్మిలో దొరికిన బ్యాటరీ, పాలిథిన్‌లో చుట్టినది. దాని నంబరు చెరిపేసి ఉంది. మూరెడు ఎర్ర వైరు, మూరెడు నల్ల వైరు.

అన్నీ నావే. దాచిన పద్ధతి కూడా నేను నేర్పిందే.

నన్ను పిలిచారు. కమాండర్ గదిలో ఐదుగురం. కమాండర్, తనిఖీ బృందం నాయకుడు, ఒక గార్డు, ముత్యం, నేను. నన్ను చూడగానే ముత్యం భుజాలు కిందికి దిగాయి. ఊపిరి పీల్చుకున్నాడు.

బ్యాటరీ ఎక్కడిదో అడగమన్నారు కమాండర్. అడిగాను.

"అదేంది సారూ, నువ్విచ్చిందే గదా. చెప్పు నీ పెద్దసారుకు."

కమాండర్ నా వైపు చూశారు. వర్షం లేదు. రేకులు వేడెక్కి చిటపటమంటున్నాయి. రిజిస్టర్ పక్క గదిలో ఉంది. ఉద్యోగం పోతుంది, విచారణ జరుగుతుంది, శత్రువుకు సామాను అందించాడని నామీదే కేసు పెట్టినా పెడతారు. ఇవన్నీ ఆలోచించడానికి మూడు సెకన్లు పట్టి ఉంటుంది.

"బజార్ సే లాయా, సాబ్" అన్నాను. సంతలో తెచ్చుకున్నాడని.

బజారు అన్న మాట ముత్యానికి అర్థమైంది. ఒక్క క్షణం నన్ను చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఏ మాట చెబితే తను బయటపడతాడో ఈ సారుకు తెలుసు అనుకున్నాడు. కమాండర్ వైపు తిరిగి తల ఊపాడు.

"హా సాబ్. బజార్, బజార్."

ఏ దుకాణం అని కమాండర్ అడిగారు. ఆ ప్రశ్నను మాత్రం ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. ముత్యం గొంతు తగ్గించి నన్నే అడిగాడు.

"ఏ దుకాణమని చెప్పాలె సారూ?"

గుర్తులేదంటున్నాడని హిందీలో చెప్పాను.

కాగితం మీద రాసుకున్నారు. నంబరు ఎందుకు చెరిపావని అడిగారు. తనకు తెలియదన్నాడు ముత్యం. అది నిజమే. అది కూడా సరిగ్గానే అనువదించాను.

పోలీసులు మోటార్‌సైకిళ్ల మీద రెండుంపావుకి వచ్చారు. అంటే నాకు నాలుగు గంటలకు పైగా సమయం ఉంది. కమాండర్ గదికీ నా షెడ్డుకూ మధ్య అరవై అడుగులు. ఆ సమయంలో రెండు బండ్లకు చైను ఆయిలు వేశాను. ఒక క్లచ్ వైరు మార్చాను. స్టోర్ హవల్దారు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. బల్ల మీది బ్యాటరీని అతనూ చూశాడు. లేచేముందు, రిజిస్టర్‌లో ఏడు పగిలిపోయిందని ఉంది, అలాగే ఉండనీ అన్నాడు. అతన్ని తప్పుపట్టను. అతను కాపాడింది ఒక సంతకాన్ని. బ్యాటరీ ఎవరు ఇచ్చారో తెలిసినవాణ్ణి నేను.

ముత్యాన్ని బండెక్కించేటప్పుడు నేను షెడ్డులోంచి బయటికి రాలేదు.

ఆగస్టులో నాకు ప్రశంసాపత్రం వచ్చింది. విచారణలో ఉపయోగపడిన సమాచారం రాబట్టినందుకు అని రాసి ఉంది. మా ఊళ్లో ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది దాన్నే. ఉద్యోగం మానేసి వచ్చాక పదిమంది అడిగితే నేనే చదివి వినిపించాను. ఎవరైనా కథ అడిగితే చెప్పాను కూడా. వడ్ల గుమ్మి, నంబరు చెరిపిన బ్యాటరీ, రెండు రంగుల వైర్లు. వినేవాళ్లు భయంతో, గౌరవంతో చూసేవాళ్లు. ప్రతిసారీ బజారు అన్న చోటు వేగంగా చెప్పి దాటేసేవాణ్ణి. ఎవరూ గమనించలేదు.

ముత్యం రెండేళ్ల మూడు నెలలు జైల్లో ఉన్నాడు. ఇప్పుడు బెయిలు మీద ఉన్నాడు. కేసు నడుస్తోంది. వాయిదా ఉన్న ప్రతిసారీ వెళ్లి నిలబడాలి. ఇదంతా పోయిన ఏడాది అతని వకీలును వెతికి పట్టుకుని కనుక్కున్నాను. బ్యాటరీ నేనిచ్చానని, నంబరు నేనే గీకానని, అతని జవాబును నేనే మార్చి చెప్పానని సంతకం చేసి ఆ వకీలుకు పంపాను. పిలిచిన రోజు కోర్టుకు వచ్చి చెబుతానని కూడా రాశాను. నామీద ఏ కేసు పెట్టినా సిద్ధమే. గోడమీది ఫ్రేము తీసేశాను. వచ్చే జనవరి ఇరవై ఆరున మైకు ఇస్తే ఇదే చెబుతాను. ఇవ్వకపోతే ఈ కాగితం ఉంది.

తిరుగు ప్రయాణం గురించి చెప్పి ఆపుతాను. ముత్యాన్ని తీసుకెళ్లిన పది నెలలకు నాకు బదిలీ వచ్చింది. అప్పటికి దారి కొంచెం బాగుపడింది, ట్రాక్టర్‌లో వెళ్తున్నాం. ముందు దారిలో తనిఖీ అవుతోందని ఉదయం ఏడున్నరకు రోడ్డు మలుపు దగ్గర ఆపారు. ముత్యం ఇంటి ఎదురుగా. సంత రోజుల్లో గేటు దగ్గర నన్ను చూసిన అతని భార్య వాకిట్లోంచి గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది. నేను ట్రాక్టర్ మీదనుంచి దిగలేదు.

"పోతాండ్రా సారూ? జైల్ల కలిసినప్పుడు మా ఆయన చెప్పిండు. అందర్ల నువ్వొక్కనివే మా తరఫున మాట్లాడినవట."

నేను సామాను పట్టీ బిగించుకున్నాను.

"బ్యాటరీ లేకుంట బండి ఎన్నొద్దులుంటది సారూ? కరాబైతదా?"

కాదని చెప్పాను. అప్పుడప్పుడూ కిక్ కొడుతుంటే ఇంజను పట్టుకుపోదని చెప్పాను.

"ఆయన గదే చెప్పిండు. రోజూ కొడుతున్న" అంది.

ముందు నుంచి సైగ వచ్చింది. ట్రాక్టర్ కదిలింది. ఆమె రెండు చేతులెత్తి నాకు దండం పెట్టి, వెనక్కి వెళ్లి, చూరు కింద బండి మీది గోనెపట్టా తీసింది. చీర కుచ్చిళ్లు దోపి, పెడల్ మీద కాలు పెట్టి, ఒంటి బరువంతా వేసి తొక్కింది. మళ్లీ తొక్కింది. మలుపు తిరిగేదాకా పద్నాలుగు లెక్కపెట్టాను. అంతలో చెట్లు అడ్డమొచ్చాయి. ఆమె ఇంకా తొక్కుతూనే ఉంది.