రెండు గుప్పిళ్ళ సిమెంటు

వైశాలి నగర్‌లో సైకిలెక్కినప్పుడు మొదలైన గుబులు హథ్‌ఖోజ్‌లోని పరీక్షల షెడ్డు చేరినా అప్పలకొండని వదల్లేదు. స్టీల్ ప్లాంటు ఫర్నేసుల్లో ముప్పై ఏళ్ళు ఇటుక పేర్చి, తొంభై ఆరులో రిటైరైన మేస్త్రీ. నిప్పుల పక్కన బెదరనివాడు ఆరు చిన్న దిమ్మలకి భయపడుతున్నాడు.

దిమ్మలు అతను పోసినవే. నందిని అనే ఊరి దగ్గర పల్లెలో బీటలిచ్చిన పాత మండపానికి సున్నం గచ్చు కావాలి. షెడ్డు నడిపే ఇంజనీరు అరుణజ్యోతి ఆ గచ్చుతో దిమ్మలు పోయమంది. తడి గోనెల కింద ఇరవై ఎనిమిది రోజులుంచి మిషన్లో నలగ్గొట్టి ఎంత గట్టిగా ఉన్నాయో చూస్తారు. ఆ రోజు ఇవాళే.

దిమ్మలు పోసే ముందురోజు కలిపి చూసిన ముద్ద మర్నాటికీ మెత్తగానే ఉంది. ప్లాంటులో షిఫ్టు మారేలోగా బిగుసుకోని పని పనే కాదు. ముసలాడికి పనితనం పోయిందంటారని హడలిపోయి, ఎవరూ చూడకుండా రెండు గుప్పిళ్ళ సిమెంటు కలిపేశాడు. కిందటి వారం అరుణజ్యోతి ఎవరితోనో చెబుతుంటే విన్నాడు: గచ్చు ఇటుక కన్నా మెత్తగా ఉండాలి, గట్టిదైతే పగిలేది పాత ఇటుకే. ఆ రోజు నుంచి అతనికి అన్నం సహించలేదు.

మొదటి దిమ్మకి మిషన్ ముల్లు ఆగాల్సిన చోటు దాటి పైకి పోయింది. రెండో దిమ్మా అంతే.

"యే క్యా హై, ఇదేంటి!" అంది అరుణజ్యోతి. "సున్నం అమ్మే ఆ గోపాలం సున్నంలో ఏదో కలిపేశాడు బాబాయ్. ఇంక వాడి దగ్గర కొనేది లేదు."

అప్పలకొండ మిగతా దిమ్మలకేసి చూశాడు. నోరు మూసుకుంటే గండం గడిచినట్టే. కానీ సున్నం బట్టీ దగ్గర గోపాలం చేతుల మీది కాలిన మచ్చలు కళ్ళముందు మెదిలాయి.

"ఆడు కాదమ్మా. నానే సిమెంటు కలిపేసినాను. గట్టిపడదేటోనని బయ్యమేసింది."

ఆమె మిషన్ ఆపేసింది.

"గోడకి పెట్టేసి ఉంటే ఏమయ్యేది బాబాయ్?"

"అదే తలుసుకుని నిద్దర నేదమ్మా."

"మళ్ళీ పొయ్యండి. ఉత్త సున్నం. ఇంకో నెల ఆగుతాను."

పోశాడు. మూడో రోజు గోరు నొక్కితే లోపలికి దిగిపోయింది. సిమెంటు బస్తా చేతికందే దూరంలోనే ఉంది. గబగబా గోనె తడిపి దిమ్మల మీద కప్పి, అరుణజ్యోతి దగ్గరకి పోయి నిలబడ్డాడు.

"ఆ బస్తా బయట పెట్టించేయమ్మా. నా సేతులంటే నాకే బయ్యంగుంది."