అట్ట వెనక కుర్చీ

మా మరదలు చెడ్డది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక చెప్పబోయేదంతా ఆమె మీద నాకున్న కడుపుమంట గురించే. ఆమె చెడ్డదై ఉంటే నాకింత కష్టం ఉండేది కాదు. హాయిగా తిట్టుకుని నా పని నేను చూసుకునేదాన్ని.

గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందుగదిలో, ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, మేం నలుగురం ఆటకు కూర్చునేవాళ్లం. టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఆటే కానీ బోర్డు ఉండదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఒకరు కత్తి పట్టినవాడు, ఒకరు మందులు తెలిసిన మనిషి, ఒకరు దొంగ. గుహలోకి దూకాలా వద్దా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. దూకితే కాలు విరుగుతుందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. దారులు, రాక్షసులు, నియమాలు అన్నీ ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో ఉంటాయి.

ఆ పుస్తకం నాది. చదువుకునే రోజుల్లో హాస్టల్లో నేర్చుకున్న ఆట అది. నాయన తర్వాత ఆయన ఉద్యోగం నాకు వచ్చి, బొగ్గుబాయి మీద, లోపలికి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే ల్యాంప్ రూములో చేరాక, మొదటి బోనస్ చేతికి రాగానే ఆ పుస్తకం తెప్పించుకున్నాను. పేజీల అంచున పెన్సిలుతో తెలుగులో రాసుకుని, మావాళ్లకు మన మాటల్లో చెప్పేదాన్ని. దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను కోసి, మూడు మడతలు వంచి నా ముందు నిలబెట్టుకున్నాను. పుస్తకమూ నా పాచికలూ వాళ్లకు కనబడకూడదని. ఆ అట్ట వెనక కూర్చుంటే నేను జీతానికి దీపాలు అందించే మనిషిని కాదు. నేను నోరు తెరిస్తే వాన పడేది, నోరు మూస్తే యుద్ధం ఆగేది. ఆదివారం డ్యూటీని మావాళ్లు ప్లే డే అంటారు, రెండింతల జీతం. అందరూ దాని కోసం పైరవీలు చేస్తుంటే నేను వచ్చినదాన్ని కూడా వదులుకునేదాన్ని.

ఆడేవాళ్లు ముగ్గురు. జ్యోతినగర్‌లో కరెంటు ప్లాంటులో పనిచేసే మా తమ్ముడు, కంపెనీ దవాఖానలో నర్సు అక్క, పక్క లైనులో ఉండే కాక. కాక మా నాయనతో కలిసి పనిచేసినవాడు. బాయిలో బొగ్గు డబ్బాలను పైకి లాగే హాలర్ ఇంజను పక్కన ముప్పై ఏళ్లు నిలబడి, గంట దెబ్బలు లెక్కపెట్టుకుంటూ దాన్ని నడిపి రిటైరయ్యాడు. నాకు అందరికన్నా కాక అంటేనే ఇష్టం. ఎందుకంటే అందరికన్నా శ్రద్ధగా కూర్చునేది ఆయనే. పల్లీలు ఒలుస్తూ, నవ్వుతూ, తలూపుతూ మూడు గంటలు కదిలేవాడు కాదు. కథలో ఎప్పుడు గుహలోకి దిగినా ఒకటే మాట అడిగేవాడు.

"బిడ్డా, గాలి ఎటు సంది వస్తాంది?"

నేను అప్పటికే చెప్పి ఉండేదాన్ని. అయినా అడిగేవాడు. బాయి మనిషి కదా, గాలి దారి తెలియందే అడుగు వేయడు అని మేమంతా పగలబడి నవ్వేవాళ్లం. కాక కూడా నవ్వేవాడు. మూడేళ్లుగా అది మా ఇంటి ముచ్చట అయిపోయింది.

తమ్ముడి పెళ్లయ్యాక మరదలు వచ్చింది. జ్యోతినగర్ స్కూల్లో ఇంగ్లీషు టీచరు. మొదటి ఆదివారమే టేబుల్ దగ్గర కాక ఎదురుగా కూర్చుంది. మాట్లాడితే క్లాసులో చివరి బెంచీకి వినబడేంత గొంతు. ప్రతి మాటా కాక మొహంలోకి చూసి, చేతులు తిప్పుతూ చెబుతుంది. కాక పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను అట్ట వెనక నుంచి లెక్కపెట్టాను, ఆమె మాటలకు నాలుగుసార్లు, నా కథకు ఒక్కసారి. పల్లీలు ఒలిచి ముందు ఆమె చేతిలో పోశాడు. మూడేళ్లు ఆ మొదటి పిడికెడు నాదే. పల్లీల కోసం ఏడుస్తావా అని నన్ను నేనే తిట్టుకున్నాను, అయినా ఏడుపు ఆగలేదు.

ఆమె వచ్చిన మూడో ఆదివారం సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. అదే ఆట, కొత్త ఎడిషన్. గట్టి అట్ట, నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. దాని పక్కన నా పుస్తకం బస్సులో నలిగిన టికెట్టులా ఉంది. వెనక అట్ట లోపల అతికించి ఉన్న చిన్న కవరు.

"వదినె, గీ కవర్ల కార్డు ఉంటది, దాని మీద గీకితే నంబరు వస్తది. ఆ నంబరు కొడితే గిదే పుస్తకం ఫోన్ల దిగుతది. అచ్చు పుస్తకం కొన్నోళ్లకు అది ఫ్రీ" అంది.

"ఎంతమందికి?" అన్నాను.

"ఒక్కళ్లకే. ఒక్కసారే పనిచేస్తది. ట్యాబ్‌ల ఎక్కిచ్చి టేబుల్ మీద పెడ్త, పనికొస్తది."

కాగితం మీద పుస్తకం కొన్నవాళ్లకు ఫోన్‌లో ఇంకొకటి ఎందుకివ్వాలో ఆ అచ్చువేసేవాళ్లనే అడగాలి. నా పుస్తకానికి అలాంటిదేమీ రాలేదు. వచ్చిన ఒక్క ప్రతిని గుండెల మీద పెట్టుకుని కాపాడుకున్నాను. ఇప్పుడది టేబుల్ మీద అందరి ముందూ వెలుగుతూ కూర్చుంటే, ఆమె గడగడా చదివి చెబుతుంటే, ఇక అట్ట వెనక నా కుర్చీ ఎందుకు? అదే నా భయం. ఆ కుర్చీ పోతే ఆదివారం కూడా మిగిలిన ఆరు రోజుల లాంటిదే.

వెళ్లేటప్పుడు పుస్తకం నా చేతిలోనే పెట్టింది. "ముందు మీరు చదువుండ్రి వదినె, వచ్చే వారం నేను సూస్త" అని. ఆ మంచితనం చూస్తే ఇంకా మండింది.

సోమవారం మొదటి షిఫ్టు. ల్యాంప్ రూములో మా పద్ధతి ఒకటే. మనిషి తన నంబరు బిళ్ల ఇస్తాడు, మేం దీపం ఇస్తాం. బిళ్ల మా కొక్కేనికి ఉన్నంతసేపు ఆ దీపం అతనిదే, ఇంకొకరికి ఇవ్వం. ఒక బిళ్ల, ఒక దీపం. ఇన్నేళ్లు ఆ పని చేసి చేసి, కార్డు సంగతి వినగానే నాకు అదే బుద్ధి పుట్టింది. ముందు ఎవరు బిళ్ల ఇస్తే దీపం వాళ్లది. తీసుకున్నవాళ్లు చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

మనుషులంతా బాయిలోకి దిగిపోయాక, సంచిలోంచి పుస్తకం తీసి, కవరు విప్పి, గోరుతో కార్డు గీకాను. నంబరు కొట్టాను. పేరు అడిగితే ఇంటిపేరుతో సహా నా పేరే కొట్టాను. పుస్తకం దిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ నిమిషం నాకు చాలా బాగుంది. తర్వాత తెరిచి చూస్తే ఒక పేజీ అడుగున నా పేరు. తర్వాతి పేజీ అడుగున నా పేరు. చివరి పేజీ దాకా జరిపాను. ప్రతి పేజీలోనూ, పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, నా ఇంటిపేరూ నా పేరూ. కొన్నవాళ్ల పేరు అలా అచ్చు గుద్ది ఇస్తారట. దీపం తిరిగి తీసుకుని బిళ్ల వెనక్కి ఇచ్చేయడానికి అక్కడ కిటికీ ఏమీ లేదు.

కార్డును మళ్లీ కవరులో పెట్టి గమ్‌తో అతికించాను. ఆ వారమంతా దానిమీదే మనసు.

ఆదివారం అందరూ వచ్చారు. మరదలు కొత్త ట్యాబ్ తెచ్చింది. కవరు చించి కార్డు చూసి మొహం ముడుచుకుంది.

"ఎవరో గీకిన్రు. షాపోడు మోసం చేసిండు."

"వాపస్ పంపియ్యి మరి" అన్నాడు తమ్ముడు.

నేను చాయ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లాను. ఆమె వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడి గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

"కాక కోసం తెప్పిచ్చిన వదినె. ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు."

"కాకకు ఇంగ్లీషేం వస్తది?"

"ట్యాబ్‌ల ఉంటే అక్షరాలు కాపీ చేసి తెలుగులకు మారుస్త. పెద్దగ చేసి సూపిస్త. కాయితం మీద గట్ల కాదు గదా. కాకకు ఇనవడ్తలేదు వదినె. మీకు తెల్వదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "మూడేండ్ల సంది నా ముంగట కూసుంటాండు. నాకు తెల్వదా?"

"ఎదురుంగ మాట్లాడితే పెదవులు సూసి అర్థం చేసుకుంటాండు. ఆ ఇంజను మోతల పనిచేసినోళ్లు గట్లనే మాట్లాడుకుంటరట. కానీ మీరు చెప్పేటప్పుడు ఆ అట్ట అడ్డముంటది."

ఆమెను పక్కకు జరిపాను. వంటింటి గుమ్మంలో, కాక వీపు వెనక నిలబడ్డాను. ఆయనకు షుగరు. చాయలో చక్కెర పేరెత్తితే చాలు, వద్దే వద్దని గొడవ పెట్టుకుంటాడు.

"కాకా, చాయల చక్కెర రెండు చెంచాలు ఎయ్యాల్నా?"

కాక పల్లీలు ఒలుస్తున్నాడు. ఇంకొంచెం గట్టిగా అడిగాను. నర్సు అక్క తిరిగి నా వైపు చూసింది. చూసి తల దించుకుంది. అక్కకు ముందే తెలుసని అప్పుడు అర్థమైంది. కాక ఇంకో పల్లీ ఒలిచాడు.

గాలి ఎటు నుంచి వస్తోందని ఆయన ప్రతిసారీ ఎందుకు అడిగేవాడో నాకప్పుడు తెలిసింది. మేం మూడేళ్లు దానికి నవ్వాం. నేను చేతులూపుతూ, గొంతు మారుస్తూ, వానలు కురిపిస్తూ చెప్పిన కథలన్నీ నా అట్టకే చెప్పుకున్నాను. నేను మూడేళ్లలో చూడనిది ఆమె మూడు ఆదివారాల్లో చూసింది. నిజం చెప్పాలంటే, కాక మీద జాలి కన్నా ముందు నాకు కలిగింది ఆమె మీద అసూయే. అది నాకు కనబడాల్సింది, ఆమెకు కనబడింది.

ఫోను తీశాను. పుస్తకంలో గుహ బొమ్మ ఉన్న పేజీ తెరిచి, కాక ముందు పల్లీల తొక్కల పక్కన పెట్టాను. ఎవరి మొహమూ చూడలేదు.

మరదలు వంగి, రెండు వేళ్లతో ఆ బొమ్మను పెద్దది చేసింది. కాక కళ్లద్దాలు సర్దుకున్నాడు. సొరంగం మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. ఈసారి ఎవరినీ అడగలేదు.

"గాలి గిటు సంది వస్తాంది" అన్నాడు తనే.

ఇంకా కిందికి జరిపాడు. బొమ్మతో పాటు పేజీ అడుగున ఉన్నది కూడా పెద్దదైంది. ఫోన్ నిండా నా పేరే. కాక, జీతం చీటీల మీద చూసి నేర్చిన ఇంగ్లీషు అక్షరాలతో, ఒక్కోటీ కూడబలుక్కుని, వినబడనివాళ్లు మాట్లాడేలా ఇల్లంతా మోగేటట్టు చదివాడు.

"గిది మీ నాయన ఇంటిపేరు గదా! నీ పేరేనా బిడ్డా?"

గీకి ఉన్న కార్డు వైపు మా తమ్ముడు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. 

మరదలు కాక ఎదురుగా వచ్చి, ఆయన మొహంలోకి చూస్తూ, ప్రతి మాటా విడివిడిగా చెప్పింది.

"అవు కాకా. మీ కోసం వదినెనే తీస్కున్నది."

కాక మొహం వెలిగిపోయింది. పిడికెడు పల్లీలు నా దోసిట్లో పోశాడు. ఇన్నాళ్లూ నేను ఏడ్చింది వాటి కోసమే. ఇప్పుడవి ఆమె ఇప్పిస్తే వచ్చాయి. వాటిని తినకుండా నా పాచికల పక్కన పోశాను.

టేబుల్ మీద అట్టను మడిచి కింద పెట్టాను. కాకకు నా నోరు కనబడేటట్టు కుర్చీ జరుపుకుని, కథ మొదలుపెట్టాను. నా గొంతు ఆమె గొంతులాగే ఉండాలని చూశాను.