జీపు కింద అట్ట

నా జీపుకి రేకు కోస్తుంటే వచ్చిన కాలిన ఇనుము వాసనకి నర్సీపట్నం మావయ్య గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడోసారి ఏజెన్సీ దారిలో రాయి తగిలి ఆయన జీపు ఇంజిన్ అడుగున ఆయిలుండే చాంబర్ పగిలింది. కొత్తది వేసి, దాని కింద రక్షణగా ఇనప రేకు తనే బిగిస్తానన్నాడు. మర్నాడే సంతకి జనంతో కొండెక్కాలి.

విశాఖ నుంచి సెలవులకొచ్చిన నేను, అమ్మ ఫోన్‌లో వీడియోలు చూసి అన్నీ తెలుసనుకునేదాన్ని. మావయ్య జీపు కింద పడుకుని అట్టముక్క కత్తిరిస్తుంటే ఒళ్లు మండింది.

"అట్ట రాయిని ఆపుద్దా?" అని లాక్కుని చింపేశాను.

"ఓలమ్మ! అది కొలతే. దాన్ని సూసే రేకు కొయ్యాల. పొద్దుట్నుంచీ సేసింది సింపేసావు గదే!"

ఇంకో అట్టపెట్టె విప్పాడు. "ఏటి సూస్తావు? బేగి రా, ఫోను లైటెట్టు."

సాయంత్రానికి రేకు బిగిసింది. మర్నాడు ఘాట్‌లో కింద రాయి ఠంగుమంది, జీపు ఆగలేదు.

మావయ్యకి కోపం రాలేదనుకున్నాను అప్పుడు. వచ్చే ఉంటుంది. పని ముందు చూసుకున్నాడంతే.