నూనె తాగిన పలకలు

“...గందుకే అంటున్న బిడ్డా, గీ కట్టె మొత్తం పీకి పారేసి బండలు పరిపిస్తే పీడ పోతది! మన తాండూరు బండకు ఎండ తెల్వదు, వాన తెల్వదు.”

“బండల మీద కూసోనికి హైదరాబాదు నుంచి గుట్టల దాకా ఎవరొస్తరు నాన్నా?”

“మరి కాల్ల పేడు దింపుకోనికి వస్తరా? పోయిన ఆదివారం గా పెద్దమనిషి కుంటుకుంట పోయిండు కదా!”

ఈ మాటలు పలకల సందుల్లోంచి జారి కింద ఉన్న రెబెక్క చెవిన పడ్డాయి. ఆమె చెక్క అరుగులాంటి డెక్కు కింద గొంతుకు కూర్చుని, దూలాలు పుచ్చిపోయాయేమోనని ఉలి మొనతో పొడిచి చూస్తోంది. తల మీద రెండు జతల చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. బరువుగా చప్పుడయ్యేవి పాండురంగం సేటువి. తేలికవి ఆయన కూతురు అనూషవి.

“దూలాలు గట్టిగనే ఉన్నయమ్మా!” అని రెబెక్క కిందినుంచి కేకేసింది.

చెప్పులు ఆగిపోయాయి. “ఎవరది?”

“నేనే సేటూ, రెబెక్కను.”

“మా మాటలన్నీ ఇన్నవా?”

“పలకల నడుమ సందు మస్తుగుంది సేటూ.”

అనూష ఫక్కున నవ్వింది. సేటు నవ్వలేదు. “సరే, పది రోజులు జూస్త. గీ సోమవారం కాదు, పై సోమవారం పొద్దుగాల బండల లారీ తయారుగుంటది. పని కుదరకపోతే గదే లారీల వాపస్ పోయి మిషన్ కాడ నిలబడు.”

పాండురంగానికి తాండూరులో బండలు పాలిష్ పట్టే కార్ఖానా ఉంది. వికారాబాద్ దాటాక అనంతగిరి గుట్టల అంచున కట్టించిన ఈ విడిదిని మాత్రం అనూష చూసుకుంటుంది. లోయ వైపు టేకు పలకలతో వేసిన డెక్కు దానికి అందం. ఆరేళ్ల ఎండావానలకు ఆ పలకలు బూడిద రంగుకు తిరిగి, నెర్రెలు పాసి, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ గుచ్చుకునేలా తయారయ్యాయి.

రెబెక్కది బంట్వారం. సేటు కార్ఖానాలో మిషన్ ముందు పద్దెనిమిదేళ్లు నిలబడింది. పొద్దంతా నీళ్లలో, బండ బురదలో నానడంతో కాలి వేళ్ల సందులు పాసి, ఎండాకాలంలో కూడా మానేవి కావు. వడ్రంగం చేసే మరిది బాల్‌రాజ్ వెంట ఏడాదిగా ఆదివారాలు వెళ్లి, తలుపులకూ మంచాలకూ పాలిష్ పెట్టడం నేర్చుకుంది. పొడి నేల మీద కూర్చుని చేసే పని అది. ఆ పనిలోనే ఉండిపోవాలని ఆమె కోరిక. అనూష అప్పగించిన ఈ డెక్కు చూసి నలుగురు పిలిస్తే ఉండిపోవచ్చు. లేకపోతే మళ్లీ ఆ నీళ్లలోకే దిగాలి.

మొదటి రోజు సబ్బునీళ్లు పోసి, పలక పొడుగునా బ్రష్షుతో తోమింది. బూడిద రంగు మురికి నల్లటి నీళ్లయి లోయలోకి కారిపోయింది. రెండు రోజులు ఆరనిచ్చారు. బాల్‌రాజ్ పుచ్చిన పలకలు పదకొండు తీసి కొత్తవి వేశాడు. పైకి లేచిన మేకులన్నీ లోపలికి దిగ్గొట్టాడు. ఆ తర్వాత రెబెక్క చేతికి అరగదీసే మిషన్ వచ్చింది.

మొదట గరుకు కాగితం, తర్వాత సన్నది, ఆపైన ఇంకా సన్నది. బండకు మెరుపు ఎక్కించే వరస ఆమె చేతులకు తెలుసు. మిషన్ పట్టిన మూడో రోజు ముగిసేసరికి డెక్కు అద్దంలా తయారైంది.

“వదినా, దీంట్ల జూసి తల దువ్వుకోవచ్చు!” అన్నాడు బాల్‌రాజ్.

“దువ్వనీకి నీ తల మీద ఏమున్నదిరా?”

అనూష పలకల మీద అరచేయి జార్చి చూసి మురిసిపోయింది. మంగళవారం సాయంత్రం రెబెక్క, వాన ఇంకకుండా పలకలకు కట్టెనూనె దండిగా పట్టించింది. ఎంత పోస్తే అంత మంచిదనుకుంది.

బుధవారం పొద్దున సేటు వచ్చాడు. డెక్కు మీద నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగుకు కాలు ముందుకొచ్చింది గానీ చెప్పు రాలేదు. రాత్రి రాలిన ఆకులూ, గాలికొచ్చిన పురుగులూ పలకలకు అతుక్కుని ఉన్నాయి.

“రెబెక్కా, కట్టెకు నూనె పెట్టినవా, జిగురు పెట్టినవా?” చెప్పును రెండు చేతులా పీకుతూ అడిగాడు. “ఇగ లారీకి ఫోన్ కొట్టుడే.”

“సోమవారం దాకా అన్నవు కదా నాన్నా,” అంది అనూష. ఆమె గొంతులో మునుపటి ధీమా లేదు.

సేటు వెళ్లిపోయాక రెబెక్క డెక్కు పొడుగునా మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో పలకను వేలితో ముట్టి చూసింది. అన్నీ జిగటే. చివరికి పెద్ద సిమెంటు కుండీ దగ్గర ఆగిపోయింది. దాని వెనక పలక పొడిగా ఉంది. ఆకు గానీ, పురుగు గానీ అతుక్కోలేదు. రంగు చింతపిక్కలా నిండుగా దిగింది.

“బాల్‌రాజూ, గీ పలకకేం జేసినం?”

“ఏం జేసినం? కుండీ జరగలేదు, మిషన్ పట్టలేదు. నువ్వే గరుకు కాగితంతోని చేత్తో నాలుగు దెబ్బలు రుద్ది ఇడిసిపెట్టినవ్. నూనె గూడ ఒడిసింది. డబ్బా అడుగున ఉన్నదేదో పెట్టి గుడ్డతోని తుడిసినవ్.”

రెబెక్క సీసాలో నీళ్లు ఆ పలక మీద పోసింది. నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోయి పక్కకు దొర్లాయి. పక్కనున్న మెరిసే పలకను గోటితో గీకితే, నూనె పొరలా లేచి గోటికి చుట్టుకుంది.

ఆమె చాలాసేపు ఆ రెండు పలకలనూ మార్చి మార్చి చూసింది. బండకు ఎంత సన్నటి కాగితం పట్టిస్తే అంత గొప్ప. దాని ముఖం మూసుకుపోవాలి. కట్టెకు ముఖం తెరిచి ఉండాలి. నూనె లోపలికి దిగే దారులన్నీ పద్దెనిమిదేళ్ల పనితనంతో తనే మూసేసింది.

“మొత్తం మళ్ల గరుకు కాగితం పడదాం,” అంది.

బాల్‌రాజ్ నెత్తి పట్టుకున్నాడు. “మూడు దినాలు జేసిన మెరుపు తీసేస్తవా? పిచ్చి లేసిందా వదినా?”

“తీసేస్త. జిగట కరగనీకి టర్పెంట్ తే.”

బుధ, గురువారాలు జిగట తుడవడానికీ, అరగదీయడానికీ సరిపోయాయి. సన్న కాగితాలన్నీ రెబెక్క సంచిలో కట్టి పక్కన పెట్టింది. గరుకు కాగితంతో ఒక్క వరసే, పలక పొడుగునే. మెరుపు పోతున్న కొద్దీ చేతులు ఆగబోయాయి. ఆగనివ్వలేదు. శుక్రవారం ఎండ వాలాక పల్చగా నూనె పెట్టింది, కాసేపు తాగనిచ్చింది, మిగిలింది గుడ్డతో ఒత్తి తుడిచింది. పలకలు కోసిన చోట చివర్లకు రెండుసార్లు పెట్టింది. వాన నీళ్లు ముందు ఇంకేది అక్కడే. నూనె గుడ్డలు కుప్పగా వేస్తే వాటంతటవే అంటుకుంటాయని బాల్‌రాజ్ అంటే, కంచె మీద విడివిడిగా ఆరేసింది. శనివారం సాయంత్రం ఇంకో పల్చటి పూత.

ఆదివారం పొద్దుగూకే వేళ వాన వచ్చింది. గుట్టల మీంచి ఒక్కసారిగా దిగి, గంటసేపు కొట్టింది. రెబెక్క సాయబాను చూరు కింద నిలబడి డెక్కు వైపే చూసింది. చెయ్యి నోటి మీదే ఉండిపోయింది.

వాన వెలిశాక డెక్కు నిండా నీటి బొట్లు. ఒక్కటీ లోపలికి ఇంకలేదు. అనూష చీపురుతో ఒక్క తోపు తోస్తే నీళ్లన్నీ సందుల్లోంచి కిందికి రాలాయి. పలకలు పొడిగా, ఎర్రగా బయటపడ్డాయి. విడిదిలో దిగిన వాళ్లు కుర్చీలు తామే మోసుకొచ్చి వేసుకున్నారు. ఒకాయన తమ తోటింట్లోనూ ఇలాంటిదే ఉందని చెప్పి, రెబెక్క ఫోన్ నంబరు రాసుకున్నాడు. బాల్‌రాజ్ ఆమె కంటే ముందే నంబరు చెప్పేశాడు.

సోమవారం పొద్దున పాండురంగం వచ్చాడు. మెట్టు దగ్గర ఆగి, ఈసారి చెప్పులు ముందే విడిచాడు. వట్టి కాళ్లతో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. చెంబెడు నీళ్లు తెప్పించి తన చేత్తోనే పోసి చూశాడు. అరికాలు ఎత్తి చూసుకున్నాడు.

“పేడు దిగిందా నాన్నా?” అంది అనూష.

సేటు ఫోన్ తీశాడు. “గా లారీ ఆపుండ్రి. అవసరం లేదు.” ఫోన్ జేబులో పెట్టుకుని రెబెక్క వైపు తిరిగాడు. ఆయన మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. “పనిమంతురాలివే! రేపటి సంది మిషన్ కాడికి రా. నలుగురి మీద పెద్దను జేస్త.”

రెబెక్క కాళ్ల వంక చూసుకుంది. వేళ్ల సందులు పది రోజులుగా ఆరి ఉన్నాయి.

“రాను సేటూ,” అంది. “ఇగ నేను కట్టె పనే చేస్త.”