మత్రా మెట్ల మీద 1798

తొంభైల్లో మావారు ఒమాన్ దేశంలో, సోహార్ ఊళ్ళో రాగి ప్లాంటులో పనిచేసేవారు. నేను అక్కడి తెలుగు పిల్లలకు చదువు చెప్పేదాన్ని. రాజధాని మస్కట్‌ను ఆనుకుని ఉన్న మత్రాలోని తెలుగు కుటుంబాలవాళ్ళు శుక్రవారాలు ఒక హాలు తీసుకుని, వారానికొక పాత సంవత్సరం చొప్పున, ఆ ఏడు ఏం జరిగింది, ఎవరు పుట్టారు అని పిల్లలకు చెప్పించేవారు. 1798 నా వంతుకొచ్చింది. ఆ పని మీద వెళ్ళి, ఇప్పటికీ చల్లారని కోపంతో తిరిగొచ్చాను.

జనవరి నెల. ఉదయం ఆరున్నరకు సోహార్‌లో షేర్ టాక్సీ ఎక్కాను. మస్కట్‌లోని రువీ వరకు మనిషికి రెండు రియాళ్ళు, రెండున్నర గంటల దారి. డ్రైవరు ఒమానీ పెద్దాయన, హిందీ బాగా వచ్చు. నా చేతిలోని చార్టు చూసి "యే క్యా హై, టీచర్?" అన్నాడు. ఆ ఏడు మస్కట్ పాలకుడికీ ఇంగ్లీషు కంపెనీకీ ఒప్పందం జరిగిందనీ, మా హైదరాబాదు నిజాం కూడా అదే ఏడు వాళ్ళతో సంతకాలు చేశాడనీ చెప్పాను. "అయితే ఇద్దరం ఒకే ఏడాది దొరికిపోయాం" అని హిందీలో అని నవ్వాడు. రువీలో దిగి చిన్న వ్యానులో మత్రా చేరాను.

హాలు సముద్రానికి ఎదురుగా, మేడ మీద. నేను చార్టు గోడకు అతికిస్తుంటే ఒకావిడ వచ్చి టేపు పట్టుకుంది. పేరు రమణమ్మ, కడప మనిషి. ఒక తెలుగువాళ్ళ ఇంట్లో పనిచేస్తూ, వాళ్ళ పిల్లలిద్దరినీ తీసుకొచ్చింది. మశూచి టీకా మీద ఒక వైద్యుడు పుస్తకం అచ్చువేయడం, ఫ్రెంచి సేన ఈజిప్టులో దిగడం, అన్నీ కూడబలుక్కుంటూ చదివి చివరి వరుస దగ్గర ఆగింది: తెలుగు నిఘంటువు కూర్చిన దొర కలకత్తాలో పుట్టాడు.

"ఈ దొర మా కడపలో ఉన్న్యాడు మేడమ్. ఆయప్ప బంగళా మొండిగోడల కాడ చిన్నప్పుడు ఆడుకుంటాంటిమి. పండితులను కూర్చోబెట్టుకోని పాత తాటాకుల్లో ఉండేవన్నీ కాయితాల మీద రాయించినాడంట. మా జేజి, మా నాయన వాళ్ళమ్మ, చెప్తాండె."

"పిల్లలకు ఇది మీరే చెప్పాలి" అని ముందు వరుసలో కూర్చోబెట్టాను.

ఆ కార్యక్రమం నడిపే సంఘం కార్యదర్శి నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, ఆయాలు కింద మెట్ల దగ్గర కూర్చుంటారు. ఇక్కడ రూలు అది."

"ఆవిడ ఇవాళ పాఠం చెబుతారు."

"పనిమనిషితో పాఠమా? పేరెంట్స్ ఏమనుకుంటారు? మీరు చెప్పండి, చాలు."

మేం మాట్లాడుతుండగానే రమణమ్మ లేచి కిందికి వెళ్ళిపోయింది. ఇలా లేచి వెళ్ళిపోవడం ఆమెకు కొత్త కాదని చూస్తేనే తెలిసింది. నా ఒళ్ళు మండిపోయింది. తెలుగు మాటలు ఏరిన దొరను మెచ్చుకోవాలట, ఆ మాటలు మాట్లాడే మనిషికి మాత్రం కుర్చీ ఉండదట. చార్టు ఊడబీకి, "పాఠం మెట్ల మీద" అని పిల్లలకు చెప్పి దిగాను. పదకొండు మంది వచ్చారు. మిగతావాళ్ళను తల్లిదండ్రులు చెయ్యి పట్టుకుని ఆపేశారు.

చార్టు రమణమ్మ పక్కన గోడకు ఆనించి, ఆ బంగళా సంగతి చెప్పమన్నాను. ఒక పిల్లాడు "ఆ బంగళాలో దయ్యాలున్నాయా ఆంటీ?" అన్నాడు.

"దయ్యాల్యావు నాయనా, తొండలుండె" అంది. పిల్లలు నవ్వారు. ఆ తర్వాత అరగంట ఆమె ఆగలేదు.

నన్ను మళ్ళీ పిలవలేదు, అందుకు బాధ లేదు. కానీ ఆ తర్వాత రమణమ్మను ఆమె పనిచేసే ఇంటివాళ్ళు శుక్రవారాలు ఇల్లు కదలనివ్వలేదని తెలిసింది. వారంలో ఆమెకు బయటిగాలి తగిలేది ఆ ఒక్కపూటే. నా పౌరుషానికి మూల్యం ఆమె చెల్లించింది. కార్యదర్శి మీద ఎంత కోపముందో, ఆమెను ఒక్కమాట అడగకుండా ముందు వరుసలో కూర్చోబెట్టిన నా మీదా అంతే ఉంది.

మీరు పిల్లలతో అలాంటి కార్యక్రమానికి మత్రా వెళ్తుంటే ఒక్క సలహా: శుక్రవారం నమాజు వేళకు టాక్సీలు దొరకవు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. బయల్దేరే ముందు ఫోన్ చేసి, పిల్లల వెంట వచ్చే ఆయాలకు లోపల కుర్చీలున్నాయా అని అడగండి. లేవంటే ప్రయాణం మానుకోండి.