కడిగిన మొర్రిపండ్లు

మా పుట్టిల్లు ఎర్రుపాలెం. ఏ పండు ఇంటికొచ్చినా ముందు ఉప్పునీళ్లలో వేసి, కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నోటిదాకా రానిచ్చేది మా అమ్మ. ఆ అలవాటు నాతోపాటే సారపాక కాపురానికొచ్చింది. మా ఆయన మిల్లులో షిఫ్టు దిగి వస్తే ఆయన క్యారియర్‌ని రెండుసార్లు తోముతాను. "నన్ను గూడ తోమి దండెం మీద ఆరెయ్యరాదూ" అంటాడాయన. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

మొర్రిపండ్ల దగ్గరికి మాత్రం అత్తమ్మ నన్ను రానిచ్చేది కాదు. ఎండాకాలంలో అడవివైపు ఊళ్ల నుంచి ఒకామె మోదుగాకు దొప్పల్లో తెచ్చి అమ్ముతుంది. నల్లగా, బఠాణీ గింజకంటే కాస్త పెద్దగా ఉంటాయి. పల్చటి తోలు, కొంచెం పుల్లటి తీపి గుజ్జు, లోపల గట్టి గింజ. మర్నాటికే పగలడం మొదలుపెడతాయి. అత్తమ్మ చాటలో ఆకులు పరిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా వాటిని పోసి, పాత నూలుగుడ్డ కప్పి నీళ్లకుండ పక్కన నీడలో పెట్టేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కూర్చుని పగిలినవి ఏరేది. "ఒక్కటి పగిలిందంటే పక్కదాన్ని ఊకుండనియ్యది బిడ్డా" అనేది.

ఆ ఏరినవి మాకు పెట్టేది. బాగున్నవి చాటలోనే ఉండేవి. అట్లా మూడు నాలుగు రోజులు కాపలా కాసి, ఇక ఆగవని తేలాక "తినుర్రి" అనేది. మంచి పండుని మంచిగా ఉండగా తిన్న పాపాన పోలేదు మేము. పీనాసితనం అనుకున్నాను. మా ఆయనతో ఆ మాట అన్నాను కూడా.

పోయిన ఎండాకాలం ఒక సోమవారం పొద్దున అత్తమ్మకి ఫోనొచ్చింది. ఆమె తమ్ముడు. ఆయన మా గుమ్మం తొక్కి అప్పటికి ఆరేళ్లు. గొడవల్లా మా పెళ్లి శుభలేఖతో వచ్చింది. అందులో పెళ్లికొడుకు మేనమామ పేరు పడలేదు. రాసిచ్చినవాళ్లు మరిచారో, అచ్చేసినవాళ్లు మరిచారో ఇప్పటికీ తేలలేదు. ఆయన పెళ్లికొచ్చి, అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. ఎవరైనా ఆ మాట ఎత్తితే నాకు తల కొట్టేసినట్టుండేది. అదే కార్డులో నా పేరు మాత్రం బంగారు రంగులో మెరుస్తూ ఉంటుంది మరి.

"గురువారం వస్తున్న" అన్నాడట. ఇంకో మాట లేదు. ఆయన ఫోను పెట్టేశాక కూడా అత్తమ్మ దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం మొర్రిపండ్లామె వస్తే రెండు దొప్పలు కొంది. ఏరుతూ చెప్పింది: "చిన్నప్పుడు వాడు గొడ్లు కాయపోతుండె. నేను వాని వంతు దాస్తుంటి. రాంగనే 'నాకు దాచినవా అక్కా' అని అడుగుడే. కాళ్లు గూడ కడుక్కోకపోతుండె." తర్వాత పండ్లకేసి చూసి "గురువారం దాక ఆగుర్రి జర" అంది.

మంగళవారం ఆమె కంటి దవాఖానాకి వెళ్లింది. నేను గుడ్డ తీసి చూశాను. దుమ్ము. ఒక చీమ. ఆరేళ్ల తర్వాత వస్తున్న మనిషికి దుమ్ము పండ్లు పెడతామా? ఉప్పునీళ్లలో వేసి మూడుసార్లు కడిగాను. స్టీలు డబ్బాలో నింపి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టాను. ఎంత బాగా చేశానో అని మురిసిపోయాను కూడా.

బుధవారం పొద్దున అత్తమ్మ మూత తీసింది. పులిసిన వాసన గుప్పుమంది. అడుగున ఊదారంగు నీళ్లు.

"ఏంది బిడ్డా గిది?"

"కడిగానత్తమ్మా."

తిట్టినా బాగుండేది. "పాపం, నీకేం తెల్సు" అని, అన్నీ చాటలోకి వంపి ఏరడానికి కూర్చుంది. పదకొండు పండ్లు తేలాయి. వాటిని గుడ్డతో ఒక్కొక్కటీ అద్ది, ఆకు మీద పెట్టింది.

నేను ఆటో ఎక్కి బ్రిడ్జి దాటి భద్రాచలం వెళ్లాను. మార్కెట్టంతా తిరిగాను. "నిన్నటి గాలివానకు మొత్తం రాలిపోయినయమ్మా, ఈ ఏడాదికి అయిపోయినట్టే" అందొకామె. తిరుగు ఆటోలో ఏడుపు ఆగలేదు. మొదట కార్డు, ఇప్పుడు పండ్లు. ఆ అక్కాతమ్ముళ్ల మధ్యకి నేనెందుకొచ్చానా అనిపించింది.

గురువారం అత్తమ్మ తమ్ముడు వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. చేతిలో ప్లాస్టిక్ డబ్బా. గడప అవతలే నిలబడి, "మంగళవారమే కొన్ననక్కా, నీకోసమని. మంచిగ కడిగి, మూత గట్టిగ పెట్టి తెచ్చిన" అంటూ మూత తీశాడు.

అదే వాసన. ఊదా రసం ఆయన తెల్లచొక్కా మీదికి కారింది.

అత్తమ్మ డబ్బాని చూసింది. నన్ను చూసింది. ఇక చూడాలి ఆ నవ్వు! గోడ పట్టుకుని కింద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "నీకూ నా కోడలికీ తెలివి ఒక్కతీరే ఉన్నదిరా తమ్మీ! లోపలికి రా."

నేను చేసిన ఘనకార్యం చెప్పాను. ఆయనా నవ్వాడు, చొక్కా దులుపుకుంటూ. ఈలోపు ఆమె చాట తెచ్చి ఆయన ముందు పెట్టి గుడ్డ తీసింది.

ఆకు మీద పదకొండు పండ్లు. ఆయన వాటి మీదికి వంగాడు.

"నాకు దాచినవా అక్కా?"

"ఏటా దాస్తనే ఉన్నన్రా" అంది అత్తమ్మ. "నువ్వే రాకపోతివి."

ఆయన ఒక పండు నోట్లో వేసుకున్నాడు, చేతులు కూడా కడుక్కోకుండా. రెండోది అక్క చేతిలో పెట్టాడు. నేను లేచి ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. కడగడం తప్ప నాకింకేం వచ్చు గనక.