రోడ్డెక్కిన జలాంతర్గామి కథతో సాగర్ దాకా

నరసరావుపేటలో నీళ్ళ ట్యాంకర్లు వెల్డింగ్ చేసే మస్తాన్‌వలీ తొలిసారి ఇనుప పడవ చేశాడు, నాగార్జునసాగర్ ఒడ్డున విజయపురి సౌత్‌లో చేపలు పట్టే తన బావ కరీముల్లా కోసం. ట్యాంకరంటే నీళ్ళు లోపల నిలవాలి, పడవంటే బయటే ఉండాలి. ఆ తేడాకే అతనికి నిద్ర పట్టడం లేదు. "నువ్వు కూడా రా బాబాయ్, ఏందో ఒకటి చెబుతా ఉంటే నాకు బెదురు తెలీదు" అన్నాడు. చెప్పడానికి పిలిస్తే ఆగే రకం కాదు నేను.

పొద్దున ఆరింటికి లారీ కదిలింది. బస్సులో అయితే పిడుగురాళ్ళ, గురజాల మీదుగా మాచర్ల మూడు గంటలు, అక్కడి నుంచి సాగర్ ముప్పావు గంట. టిక్కెట్లన్నీ కలిపి రెండొందల చిల్లర. మా పడవ లారీ బాడీ దాటి పైకి లేచి ఉంది. కరెంటు తీగ కనిపించిన ప్రతిచోటా డ్రైవర్ కోటయ్య దిగి చూడటం, మస్తాన్ గుండె పట్టుకోవడం.

పిడుగురాళ్ళ సున్నం బట్టీలు దాటాక కథ మొదలుపెట్టాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీవాళ్ళకు తీరం వెంబడి తిరిగే చిన్న జలాంతర్గాములుండేవి. యూ-23 అలాంటిది. మొదట ఉత్తర సముద్రంలో ఓడలు ముంచింది, తర్వాత కొత్త నావికులకు బడి అయింది. ఇంతలో నల్ల సముద్రంలో దాని అవసరం పడింది. అక్కడికి పోయే జలసంధి టర్కీది, యుద్ధ నౌకలకు దారివ్వదు. అందుకని ఇంజన్లు విప్పి, నదిలో కొంత, ట్రెయిలర్ల మీద కొంత, మళ్ళీ నదిలో కొంత లాక్కుపోయారు.

"రోడ్డు మీదనా? తీగలు తగల్లా?" అన్నాడు కోటయ్య.

"పక్కకు పడుకోబెట్టార్రా."

"చూశావా మస్తానూ, పడుకోబెడదామంటే విన్నావా నువ్వు?"

మాచర్లలో భోజనానికి ఆగాం. మస్తాన్ అన్నం కెలుకుతూ, "ఆ బోటు చివరికేమైంది బాబాయ్?" అన్నాడు. నీళ్ళలో దిగబోయే పడవ ముందు చెప్పే ముగింపు కాదది. టర్కీలో టీ ఎలా కాస్తారో ఎత్తుకున్నాను.

"టీ సంగతి ఎవురడిగారు?"

"ముందు తిను."

ముగింపు ఊహించాడేమో, కంచం వదిలేసి పడవ తాళ్ళు చూడటానికి పోయాడు.

సాగర్ ఒడ్డున తాళ్ళు కట్టి పడవ దించారు. కరీముల్లా ఎక్కాడు. ఈత రాని మస్తానూ ఎక్కబోయాడు.

"నీకెందుకురా బామ్మర్దీ, ఒడ్డున నిలబడు."

"అతుకేసింది నేను. కారితే నా కాళ్ళ కిందే కారాల."

పడవ దూరమైంది. మస్తాన్ వంగి అడుగు తడిమాడు, చెయ్యి తుడుచుకున్నాడు, మళ్ళీ తడిమాడు. అక్కడ తడి ఉందో లేదో ఒడ్డు నుంచి ఎలా తెలుస్తుంది? చాలాసేపటికి మస్తాన్ తిరిగొచ్చి దిగాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి.

"కారిందా?"

"ఎక్కేటప్పుడు తడిసింది. బోటు పొడిగానే ఉంది. ఇప్పుడన్నా చెప్పు."

చెప్పాను. యుద్ధం తిరగబడింది, ఇంటికి దారి లేదు, టర్కీ తీరం దగ్గర దాని మనుషులే దాన్ని ముంచేసి ఒడ్డు చేరి పట్టుబడ్డారు.

మస్తాన్ పడవ వైపు చూశాడు. "వాళ్ళు చేసింది కాదుగా బాబాయ్. అందుకే ముంచడానికి చెయ్యాడింది."

ఇన్నేళ్ళూ ఆ కథను ముంచినవాళ్ళ వైపు నుంచీ, మునిగినవాళ్ళ వైపు నుంచీ చెప్పాను. ఎక్కడో దూరాన దాని అతుకులు వేసినవాడొకడు ఉండే ఉంటాడని తిరుగు బస్సులోగాని తట్టలేదు.

వెళ్ళేవారికి ఒక్క మాట: సాగర్‌లో ఏ బోటెక్కినా లైఫ్ జాకెట్ అడిగి తీసుకుని, తాళ్ళు బిగించుకున్నాకే అడుగు పెట్టండి. మస్తాన్ ఒంటి మీద అది లేదన్న సంగతి నాకు ఇల్లు చేరాకే గుర్తొచ్చింది.